ప్లగ్గు పక్కన కుర్చీ

శ్రోతలకు నమస్కారం. ఐసీయూ బయట రెండు మూడు రాత్రులు గడిపినవాళ్లు మీలో ఉంటే, అక్కడ కుర్చీకి ఎంత గిరాకీ ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. అందులోనూ గోడకు ఫోన్ ఛార్జింగ్ ప్లగ్గు ఉన్నచోట కుర్చీ దొరికిందంటే, ఆ మనిషి బాత్రూముకు పోయినా దాని మీద తువ్వాల వేసి గానీ పోడు. ఇవాళ చెప్పేది అలాంటి ఒక కుర్చీ గురించే.

మాది మిర్యాలగూడ దగ్గర ఒక పల్లె. మూడేళ్ల కింద మా తమ్ముడు హైదరాబాద్ నుంచి బండి మీద ఇంటికి వస్తూ, నార్కట్‌పల్లి ఇంకా రాకముందే, చిట్యాల దగ్గర హైవే మీద పడిపోయాడు. హెల్మెట్ ఉంది, కానీ అది పెట్రోల్ ట్యాంకు మీద ఉంది. పోనివ్వండి, ఆ సంగతి ఎన్నిసార్లు తలచుకున్నా ఏమీ లాభం లేదు. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో చేర్చాం. రెండో రోజు సాయంత్రం డాక్టరు మమ్మల్ని పక్క గదిలోకి పిలిచి, బ్రెయిన్ డెడ్ అన్నాడు.

ఆ మాట మన బుర్రకు అంత తొందరగా ఎక్కదు. కోమా అనుకుంటాం. కోమాలోకి పోయిన మనిషి లేవొచ్చు, ఇది అట్లా కాదు. నలుగురు డాక్టర్లు చూసి నిర్ధారించాలి, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చేయాలి, అందులో ఒకటి వెంటిలేటర్ కాసేపు తీసి ఛాతీ తనంతట తాను లేస్తుందేమో చూడటం. 1994లో వచ్చిన అవయవ మార్పిడి చట్టం దీన్ని మరణంగానే లెక్కగడుతుంది. ఇవన్నీ నాకు తర్వాత అర్థమైన విషయాలు. ఆ రాత్రి లోపలికి పోయి చూస్తే వాడి చెయ్యి వెచ్చగా ఉంది, మానిటర్ మీద గుండె కొట్టుకుంటూనే ఉంది. పోయాడని ఎట్లా నమ్మాలి చెప్పండి.

తర్వాత ఒక అమ్మాయి వచ్చింది, అవయవదానం గురించి మాట్లాడే కోఆర్డినేటర్. పాపం, మెల్లగానే చెప్పింది. ఎవరికి పెట్టాలన్నది జీవన్‌దాన్ అనే ప్రభుత్వ అవయవదాన పథకం జాబితాలో వరుసను బట్టి ఉంటుందని, ఎవరికి పెట్టారో మాకు చెప్పరని, ఏ అవయవాలు ఇస్తారన్నది కూడా మా ఇష్టమేనని చెప్పి వెళ్లింది. ఆమె అటు పోయిందో లేదో ఇటు మొదలైంది. మా మేనమామ "ఆసుపత్రోళ్లు అమ్ముకుంటరు" అన్నాడు. బాబాయి, వాడు పుణ్యం మూటగట్టుకుని పోతాడన్నాడు. ఊరి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. అమ్మ ఒకటే మాట మీద కూర్చుంది: "కండ్లు లేకుండ నా కొడుకును ఎట్ల పంపుదు?"

అమ్మను నేను తప్పు పట్టను గానీ, ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. 2021 ఫిబ్రవరిలో మా నల్లగొండ జిల్లా రైతు ఒకాయన గుండెను నాగోలు నుంచి జూబ్లీహిల్స్ దాకా మెట్రో రైల్లో, ఎక్కడా ఆపకుండా, అరగంట లోపే తీసుకుపోయారు, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజు టీవీ ముందు కూర్చుని చేతులు జోడించి, ఎవరి బిడ్డనో, పుణ్యాత్ముడు అన్నది మా అమ్మే. ఇంటి మీదికి వస్తే గానీ తెలియదు. నా సంగతి ఇంకా అన్యాయం. నేను ఆలోచిస్తున్నది తమ్ముడి గురించి కాదు, ఇస్తే ఊళ్లో ఏమంటారు, ఇవ్వకపోతే ఏమంటారు అని.

ఈ గొడవంతా జరుగుతున్నప్పుడు మా మరదలు, అంటే తమ్ముని భార్య, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పొద్దున్నుంచీ అట్లనే ఉంది. సంతకం పెట్టాల్సింది ఆమె. ఆమెను అడిగినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

ప్లగ్గు పక్క కుర్చీ ఒక పెద్దాయనది. పాలమూరు వైపు అచ్చంపేట దిక్కు మనిషి. మనవడికి పాము కరిచి వెంటిలేటర్ మీద ఉన్నాడు. ముందురోజు మాది ఏ ఊరని అడిగి, "మీ సాగర్ కట్టకు మా నాయన రాళ్లు మోసిండు" అన్నాడు. 1955లో పునాదిరాయి పడిన కట్ట. ఆ కట్టకు పాలమూరు కూలీలు రాళ్లు మోస్తే ఎడమ కాలువ నీళ్లు మా పొలాలకు వచ్చాయి. అంతకుమించి ఆయనతో మాకు పరిచయం లేదు.

ఆయన లేచాడు. కుర్చీ మీది తువ్వాల తీసి, దాంతోనే కుర్చీ తుడిచి, ఈడ్చుకొచ్చి మరదలి వెనక వేశాడు. "కూసో బిడ్డా" అన్నాడు. మా దిక్కు తిరిగి, "జర ఆ పిల్లను కూసోనియ్యుండ్రి" అన్నాడు, అంతే. మేం అందరం ఒక్కసారి ఊరుకున్నాం. ఆయన కిందికి పోయి, ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు గ్లాసులో టీ పట్టుకొచ్చి ఇచ్చాడు. పొద్దున్నే ఛార్జింగ్ అయిపోయిన ఆమె ఫోన్‌ను తన ఛార్జర్‌కు పెట్టాడు. తర్వాత గోడ పక్కన నేల మీద తువ్వాల పరుచుకుని కూర్చున్నాడు. ఆ రాత్రంతా అక్కడే.

ఫోన్ ఆన్ కాగానే మరదలు వాళ్లమ్మతో మాట్లాడింది. చాలాసేపు ఏడ్చింది. ఎప్పటికో నన్ను పిలిచి, "బావా, కిడ్నీలు, లివర్ ఇద్దాం. కండ్లు వద్దు, అత్తమ్మ తట్టుకోదు" అంది.

నిజం చెప్పాలంటే కళ్లు ఇవ్వడమే అన్నిటికంటే సులువు. మామూలుగా పోయినా ఆరు గంటల లోపు తీసుకోవచ్చు, ముఖం ఏమీ మారదు. ఇద్దరికి చూపు వచ్చేది కదా అని నా మనసు ఇప్పటికీ పీకుతుంది. ఆమె అన్నది తప్పని మాత్రం అనలేను. ఈ లెక్క నాకు ఇంకా తేలలేదు.

పొద్దున ఆ పెద్దాయన దగ్గర కూర్చుని, మేం చేసింది మంచిదేనా తాతా అని అడిగాను. "నాకేం ఎరుక బిడ్డా. ఆ పిల్ల నిలబడి ఉంటే నాకు మంచిగనిపియ్యలే" అన్నాడు.

తర్వాత పోలీసుల పంచనామా, ఆపరేషను, పోస్టుమార్టం, అంబులెన్సు. ఇంటికి వచ్చాక బట్టల సంచి విప్పితే అందులో ఆ స్టీలు గ్లాసు ఉంది. అంచు కింద చుక్కలు చుక్కలుగా ఒక ఆడమనిషి పేరు చెక్కి ఉంది. పదిహేను రోజులకు సర్టిఫికెట్ కోసం మళ్లీ ఆసుపత్రికి పోయినప్పుడు గ్లాసు పట్టుకుపోయాను. ప్లగ్గు పక్క కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. ఆయన మనవడి బెడ్డు ఖాళీ అయిందన్నారు. ఎట్లా ఖాళీ అయిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

పోయినేడు అచ్చంపేటలో పెళ్లికి పోతూ ఆ గ్లాసు సంచిలో వేసుకున్నాను. బస్టాండు దగ్గర రెండు టీ కొట్లలో ఆ పేరు చెప్పి అడిగితే, ఆ పేరున్నోళ్లు ఇంటికొకరు ఉంటరన్నా అని నవ్వారు. వాపస్ తెచ్చి వంటింట్లో పెట్టాను. మా మరదలు పొద్దున టీ దాంట్లోనే తాగుతుంది.