పెరట్లో చీమలు పుట్ట పెడితే

శ్రోతలకు నమస్కారం. మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడ్డాయంటే చాలు, హైదరాబాదులో పెరట్లోనో మిద్దె మీదో మొక్కలు పెంచుకునేవాళ్ళ నుంచి ఒకటే ప్రశ్న. "కుండీలో చీమలు పుట్ట పెట్టాయండీ, ఏ మందు చల్లమంటారు?" అని. మందు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ చీమలు ఎక్కడికి పోతున్నాయో, అక్కడ వాటికేం పనో కాసేపు కూర్చుని గమనించండి.

మొక్క ఎక్కుతున్నాయా? అయితే వాటి వెంటే మీ చూపూ పోనివ్వండి. చిక్కుడు తీగ చివర నల్లగా పేనుబంక, మందార మొగ్గల మొదట్లో తెల్లటి దూదిలా పిండినల్లి అనే చిన్న పురుగులు కనిపిస్తాయి. ఇవి మొక్క రసం పీల్చి తియ్యటి జిగురు వదులుతాయి. చీమ తన మీసాలతో పేనుబంకను మెల్లగా తడుతుంది, వెనక నుంచి ఒక బొట్టు ఊరుతుంది, చీమ దాన్ని తాగేస్తుంది. ఆ తీపి కోసం వాటికి కాపలా కూడా కాస్తుంది. పేనుబంకను తినే అక్షింతల పురుగు వస్తే తరిమికొడుతుంది. కాబట్టి ఇక్కడ అసలు పురుగును వదిలేసి చీమను చంపితే లాభం లేదు. పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టండి. తగ్గకపోతే లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రవం కలిపి, ఎండ తగ్గాక ఆకుల అడుగున తడిసేలా పిచికారీ చేయండి. తీపి దొరకకపోతే చీమల బారు దానంతటదే పలచబడుతుంది.

మొక్క ఎక్కకుండా కుండీ మట్టిలోనే ఉంటే, చాలాసార్లు కారణం ఆ మట్టి బాగా ఎండిపోవడమే. కొబ్బరిపొట్టు కలిపిన మట్టి ఒకసారి పూర్తిగా ఎండితే పైన పోసిన నీళ్ళు పక్కల నుంచి జారిపోతాయి, లోపల పొడిగానే ఉంటుంది. చీమలకు అంతకంటే మంచి చోటు ఏముంటుంది! కుండీని ఒక టబ్బులో పెట్టి, అంచుదాకా నీళ్ళు నింపి, అరగంట వదిలేయండి. చీమలు తెల్లటి గుడ్లను, పిల్లలను నోట కరుచుకుని పైకి వస్తాయి. అంచు నుంచి నేల మీదికి ఒక పుల్ల ఆనించండి. దాని మీదుగా దిగి వెళ్ళిపోతాయి. ఆ దృశ్యం చూసినవాళ్ళకు పొడి డబ్బా పట్టుకోవాలనిపించదు, నన్నడిగితే పట్టుకోకూడదు కూడా. కూరగాయల కుండీలో చల్లిన మందు చివరికి చేరేది మన కంచంలోకే. మరిగే నీళ్ళు పోస్తే వేర్లు ఉడికిపోతాయి. కిరోసిన్ పోస్తే మట్టే పనికిరాకుండా పోతుంది.

ప్రహరీ గోడ వారనో వేపచెట్టు కిందో నల్ల గండుచీమలు పుట్ట పెట్టుకుంటే వాటి జోలికి పోకండి. మట్టిని గుల్ల చేస్తాయి, చచ్చిన పురుగులను ఎత్తుకుపోతాయి. తోటకూర విత్తనాలను మాత్రం కొన్ని రకాల చీమలు చల్లిన రోజే మోసుకుపోతాయి. అందుకే విత్తనాల మీద పలచగా మట్టి కప్పాలి.

పిల్లలు ఆడుకునే చోట కుట్టే ఎర్రచీమలు చేరితే మాత్రం ఊరుకోకూడదు. 100 మిల్లీలీటర్ల నీళ్ళలో 25 గ్రాముల పంచదార, 1 గ్రాము వెలిగారం (బోరాక్స్) కలిపి దూదిని తడపండి. కన్నాలు పెట్టిన మూత డబ్బాలో ఆ దూదిని ఉంచి, చీమల బారు పక్కన పెట్టండి. వెలిగారం ఎక్కువ వేస్తే చీమ దారిలోనే చస్తుంది. తక్కువుంటేనే పుట్టదాకా మోసుకెళ్ళి మిగతావాటికి, రాణికి పంచుతుంది. పుట్టలో గుడ్లు పెట్టేది రాణే కదా. రోజుల తరబడి పట్టవచ్చు, ఓపిక పట్టండి. ఆ నీళ్ళు మట్టిలో పోయకండి, మొక్కకు హాని. డబ్బా పసిపిల్లలకు, కుక్కలకు, పిల్లులకు అందకూడదు.

చీమ కుట్టిన చోట సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెడితే చాలు. కానీ పెదవులు, ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. సెలవు.