కారు పార్కింగ్ గచ్చుకు ఎపాక్సీ పూత

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో కారు నిలిపే చోట, బేస్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే ఎపాక్సీ పూత వేస్తే ఏడాది తిరక్కుండానే టైర్లు ఆగే దగ్గర పెచ్చులు లేచిపోయాయని బాధపడేవాళ్లు చాలామందే ఉన్నారు. అలా లేచిన పెచ్చు ఒకటి చేతిలోకి తీసుకుని తిరగేసి చూడండి. అడుగున బూడిదరంగు సిమెంటు పొడి అంటుకుని ఉంటే, పూత గట్టిగానే పట్టింది, గచ్చు పైపొరే వదిలేసింది. అడుగు నున్నగా, శుభ్రంగా ఉంటే పూత అసలు పట్టుకోనేలేదు. నూనో, దుమ్మో అడ్డుపడింది. తడిగానో, తెల్లటి ఉప్పు పేరుకునో ఉంటే కింది నుంచి నెమ్ము తోసింది. ఈ మూడూ రంగు డబ్బా మూత తీయకముందే జరిగిపోయిన తప్పులు. అందుకే ఈ పూటంతా రంగు గురించి కంటే గచ్చు గురించే ఎక్కువ చెబుతాను.

మన ఇళ్లలో గచ్చు పోసేటప్పుడు మేస్త్రి చివర్లో పొడి సిమెంటు చల్లి, తాపీతో రుద్ది మెరిపిస్తాడు. కంటికి ఇంపుగా ఉంటుంది, ఎపాక్సీకి మాత్రం అదే శత్రువు. ఆ మెరుపంతా కాగితం మందం సిమెంటు పాల పొర. కింది కాంక్రీటును అది గట్టిగా అంటిపెట్టుకుని ఉండదు. రోడ్డు మీద తిరిగొచ్చిన టైరు వేడిగా ఉంటుంది. ఆ వేడికి పూత కొంచెం మెత్తబడి టైరుకు అతుక్కుంటుంది. టైరు చల్లారుతూ కుంచించుకునేటప్పుడు పూతను తనతో పాటు లాగుతుంది. అడుగున పట్టు లేకపోతే, మర్నాడు కారు కదిలేసరికి పెచ్చు ఊడి వస్తుంది.

ఆ పొరను తీసేయడానికి రెండు దారులున్నాయి. యాసిడ్ పోసి కడగడం ఒకటి, గ్రైండింగ్ రెండోది. నా ఓటు గ్రైండింగ్‌కే. యాసిడ్ ఒకచోట ఎక్కువ తింటుంది, ఇంకోచోట తక్కువ తింటుంది. నూనె మరకల మీద అసలు పనిచేయదు. పైగా ఆరబెట్టాల్సిన గచ్చును మళ్లీ నీళ్లతో ముంచాలి. యాసిడ్ ఆవిరికి పక్కనున్న ఇనుప గేటు తుప్పు పడుతుంది. తప్పదనుకుంటే ఎప్పుడూ నీళ్లలో యాసిడ్ పోయండి, యాసిడ్‌లో నీళ్లు పోయకండి. తర్వాత వంటసోడా కలిపిన నీళ్లతో విరిచి, రెండు మూడుసార్లు కడగండి.

గ్రైండింగ్‌కు 5 అంగుళాల యాంగిల్ గ్రైండర్, దానికి డైమండ్ కప్ వీల్, దుమ్ము లాగే గొట్టం, వాక్యూమ్ ఉంటే చాలు. చోటు పెద్దదైతే గచ్చు రుద్దే మెషిన్ అద్దెకు తెచ్చుకోండి. కాంక్రీటు దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. మామూలు గుడ్డ కట్టుకుంటే ఆగదు, ఎన్-95 మాస్కు తప్పనిసరి. రుద్దాక అరచేయి పెట్టి చూస్తే 80 నంబరు గరుకు కాగితంలా తగలాలి. గుక్కెడు నీళ్లు చిలకరించండి. నిమిషంలోపు ఇంకిపోతే సరే. ముత్యాల్లా నిలబడితే అక్కడ పాలపొరో, నూనో ఇంకా ఉన్నట్టే. ఇంజిన్ ఆయిల్ కారిన చోటును రుద్దడానికి ముందే డిటర్జెంటు, వేడినీళ్లు పోసి తోమాలి. కిరోసిన్‌తో తుడవకండి, అదీ జిడ్డే.

పనిలో పనిగా సుత్తి పిడితో గచ్చంతా తట్టి చూడండి. గుల్లగా మోగిన చోట చెక్కేసి మళ్లీ పోయించాలి. పార్కింగ్ టైల్స్, షాబాద్ బండలు పరిచిన చోట ఈ పని పెట్టుకోవద్దు. ఏ రెండు బండలు కాస్త కదిలినా అతుకు మీద పూత చిట్లుతుంది.

ఇక నెమ్ము. హైదరాబాద్ లాంటి ఊళ్లలో చాలా ఇళ్లకు నీళ్ల సంపు సరిగ్గా కారు నిలిపే చోటి కిందే ఉంటుంది. పైన ఎండిపోయి పొడిగా కనిపించే శ్లాబు అడుగు ఏడాది పొడుగునా తడి పీలుస్తూనే ఉంటుంది. పరీక్ష తేలికే. అడుగున్నర చదరం మందపాటి ప్లాస్టిక్ షీటు గచ్చు మీద పరిచి, నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అంటించండి. కనీసం 16 గంటలు వదిలేయండి. ఏఎస్‌టీఎం డి 4263 అనే అమెరికా ప్రమాణం చెప్పే పద్ధతి ఇదే. షీటు లోపల నీటి చుక్కలు కనిపించినా, గచ్చు నల్లబడినా పూత వేయకూడదు. సంపు పైన ఒకటి, మిగతాచోట రెండు షీట్లు అంటించి చూడండి. నెమ్మును తట్టుకునే ప్రైమర్లు, అంటే పూతకు ముందు వేసే తొలి కోట్లు, మార్కెట్లో ఉన్నాయి కానీ వాటికి మందం, గచ్చు తయారీ ఇంకా కచ్చితంగా కుదరాలి. ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయడం మంచిది. కొత్త కాంక్రీటు అయితే 28 రోజులు నిండాకే ఈ పరీక్ష.

గాలిలో తేమ సంగతీ చూడాలి. గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రతను మంచు బిందువు అంటారు. గచ్చు వేడి దానికంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న రోజు మంచు బిందువు దాదాపు 26. అంటే గచ్చు 29 డిగ్రీలకు తగ్గకూడదు. విశాఖ, కాకినాడ వైపు వానాకాలంలో ఇది కుదరడం కష్టం. తేమ ఎక్కువైతే పూత పైన జిడ్డు పొర తేలుతుంది, తర్వాతి కోటు దాని మీద నిలవదు.

ఇప్పుడు లెక్క రాసుకోండి. 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు అంటే 200 చదరపు అడుగులు, సుమారు 18.6 చదరపు మీటర్లు. ద్రావకం లేని ఎపాక్సీ లీటరు 5 చదరపు మీటర్లకు పరిస్తే 200 మైక్రాన్ల, అంటే 0.2 మిల్లీమీటర్ల మందం వస్తుంది. ఆ లెక్కన కోటుకు 3.7 లీటర్లు, రెండు కోట్లకు ఏడున్నర. ప్రైమర్ ఇంకో రెండున్నర లీటర్లు. గరుకు గచ్చు ఎక్కువ తాగుతుంది కాబట్టి పదో వంతు అదనంగా తెచ్చుకోండి. చవకగా దొరికే రకాల్లో సగం ద్రావకమే ఉంటే అది ఆవిరైపోయి సగం మందమే మిగులుతుంది. డబ్బా ధర చూసే ముందు ఘనపదార్థం ఎంత శాతమో అడగండి.

పగుళ్లను వెడల్పు చేసి, ఎపాక్సీలో పొడి సిలికా ఇసుక కలిపిన ముద్దతో పూడ్చండి. కదలడానికని వదిలిన జాయింట్లను మాత్రం దీనితో నింపకండి, వాటికి పాలీయురిథేన్ సీలెంటు వాడాలి.

కలపడంలోనే చాలామంది దెబ్బతింటారు. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఒక చెంచా ఎక్కువ పోస్తారు. బేస్‌తో జతకట్టడానికి ఎంత కావాలో అంతే పనికొస్తుంది, మిగిలింది అలాగే ఉండిపోయి పూత జిగటగా మారుతుంది. డబ్బా మీది నిష్పత్తి బరువులోనో, ఘనపరిమాణంలోనో చూసుకోండి, రెండూ ఒకటి కావు. డ్రిల్లుకు తెడ్డు తగిలించి నెమ్మదిగా 3 నిమిషాలు తిప్పండి, అంచులూ అడుగూ గీకండి, ఇంకో బకెట్లోకి వంచి మళ్లీ తిప్పండి. మొదటి బకెట్ అడుగున అంటుకున్నది గచ్చు మీదికి వెళ్తే అక్కడ ఎన్నాళ్లకూ గట్టిపడని మచ్చ మిగులుతుంది.

ఒకసారికి రెండు లీటర్లకు మించి కలపవద్దు. 25 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు పనికొచ్చేది 35 డిగ్రీలకు 20 నిమిషాలకే చిక్కబడుతుంది. బకెట్లో కుప్పగా ఉంటే తన వేడికి తానే ఉడికి పొగలు కూడా కక్కుతుంది. కలిపిన వెంటనే గచ్చు మీద పట్టీలా ఒంపేసి, రోలర్‌తో పరవండి. నీళ్లు పోవడానికి వాలు ఉంటుంది గనక తనంతట తానే పరుచుకునే రకం కొనవద్దు, అదంతా డ్రెయిన్ వైపు జారుతుంది.

పని వేళ సాయంత్రం 4 దాటాక. పొద్దున గచ్చు వేడెక్కుతుంటే లోపలి గాలి వ్యాకోచించి పూతలోంచి బుడగలై పైకి వస్తుంది, పిన్నుతో పొడిచినట్టు రంధ్రాలు మిగులుతాయి. చల్లబడే గచ్చులో ఆ బాధ ఉండదు. నైట్రైల్ తొడుగులు తప్పనిసరి. హార్డెనర్ చర్మానికి పదేపదే తగిలితే వచ్చే అలర్జీ జీవితాంతం వదలదు. అంటితే సబ్బునీళ్లతో కడగండి, థిన్నర్‌తో కాదు.

రెండో కోటు తడిగా ఉండగానే 40 మెష్ సిలికా ఇసుక పలచగా చల్లండి. కారు కడిగిన నీళ్లలో నున్నటి ఎపాక్సీ మీద పెద్దవాళ్లు జారిపడితే తుంటి విరుగుతుంది. కోటుకూ కోటుకూ మధ్య 24 గంటలు దాటితే గరుకు కాగితంతో రుద్దాకే తర్వాతిది. పోర్టికోలో ఎండ పడే భాగం ఉంటే పైన అలిఫాటిక్ పాలీయురిథేన్ కోటు వేయాలి. లేకపోతే ఎపాక్సీ పసుపెక్కి, పొడి రాలుతుంది.

నడవడానికి ఒక రోజు, కారుకు ఏడు రోజులు ఆగండి. శుభ్రం చేయడానికి బాత్రూం యాసిడ్ వద్దు. ఎక్కడైనా పెచ్చు లేస్తే చుట్టూ కదులుతున్నదంతా గీకి, అంచు వాలుగా రుద్ది, అక్కడివరకే మళ్లీ వేసుకోవచ్చు. అందుకోసం మిగిలిన బేస్‌నూ హార్డెనర్‌నూ కలపకుండా, మూతలు బిగించి, ఎండ తగలని చోట దాచండి. డబ్బా మీది బ్యాచ్ నంబరు రాసిపెట్టుకోండి, వేరే బ్యాచ్‌లో అదే రంగు ఒక ఛాయ తేడాగా రావచ్చు.