సినిమా సలహాల ఫోన్-ఇన్: పిల్లుల్ని అద్దెకిచ్చే అమ్మాయి

యాంకర్: ఈ వారం సినిమా ‘రెంటానెకో’. నవోకో ఒగిగామి తీసిన జపాన్ కామెడీ, 2012లో వచ్చింది. మొదటి కాలర్ రాజమండ్రి నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం మేడం. మా నాన్నగారు ఒక్కరే ఉంటారండి. అమ్మ పోయి రెండేళ్లయింది. నేను బెంగళూరులో. రమ్మంటే రారు. టీవీ పెడతారు, చూడరు, అదలా మోగుతూనే ఉంటుంది. పక్కింటి పిల్లి ఒకటి వస్తే దానికి పాలు పోస్తారు. ఫోన్లో ఆయన చెప్పే కబుర్లన్నీ దాని గురించే. ఈ సినిమా ఆయనకి చూపించొచ్చా అని...

మేడం: చూపించండి. హీరోయిన్ సయోకోగా మికాకో ఇచికావా చేసింది. బామ్మ పోయాక పాత ఇంట్లో బోలెడన్ని పిల్లులతో ఒక్కతే ఉంటుంది. పిల్లుల్ని బండిలో పెట్టి లాక్కుంటూ, ఏటిగట్టున మైకులో కేకేస్తుంది, పిల్లులు అద్దెకిస్తానని. వెయ్యి యెన్లు అద్దె. ఇల్లు చూస్తే గానీ ఇవ్వదు. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు, స్పీడు పెంచి చూడకండి. ఈ సినిమా నెమ్మదిగానే నడవాలి.

కాలర్: అది కాదండీ, ఇందులో ఎవరైనా చనిపోతారా? ఆయన తట్టుకోగలరా అని నా టెన్షన్.

మేడం: అడిగారు కాబట్టి చెప్తాను. మొదటి కథలో ఒక పెద్దావిడ ఉంటుంది. భర్త లేడు, కొడుకు దూరం, పెంచుకున్న పిల్లీ పోయింది. ఇంకోటి తెచ్చుకుంటే తన తర్వాత దాని గతేమిటని ఆవిడ బెంగ. అందుకే అద్దె పిల్లి. ఆవిడ పోయాక అది సయోకో దగ్గరికి వచ్చేస్తుంది. ఏడుపులు పెడబొబ్బలు ఉండవు. ఆవిడ చేసిన జెల్లీలో చెంచాతో తీసిన చోట గుంట పడుతుంది చూడండి, దాన్ని గమనించండి. తర్వాత ఒకాయన సాక్సుకి చిల్లు, ఇంకో అమ్మాయి దగ్గర డోనట్ మధ్యలో చిల్లు. మనిషి లోపలి వెలితిని ఇలా తినే వస్తువులో, తొడుక్కునే వస్తువులో చూపించింది ఒగిగామి. నాకు ప్రాణం ఆ సీన్లంటే.

కాలర్: అయితే చూపించొచ్చంటారా? లింకు పంపించేస్తాను మరి...

మేడం: లింకు పంపకండమ్మా! సెలవు పెట్టి వెళ్లండి. పక్కన కూర్చుని చూడండి. పెద్దావిడ కథ అవగానే ఆపండి, ఆయన ఏమైనా మాట్లాడితే మాట్లాడనివ్వండి. స్పీడు మాత్రం పెంచొద్దు. ఇంకో మాట, పాలు చాలా పిల్లులకి పడవు, విరేచనాలవుతాయి. గిన్నెలో నీళ్లు పెట్టమనండి.

కాలర్: పాలు పడవా! ఆయన రోజూ పొద్దున్నే...

యాంకర్: థ్యాంక్యూ అమ్మా. వరంగల్ నుంచి బాబు.

కాలర్: మేడం, మన దగ్గర కూడా ఇలా పిల్లుల్ని అద్దెకిస్తే బిజినెస్ నడుస్తుందా?

మేడం: వద్దు బాబూ. పిల్లి చోటుకి అలవాటు పడుతుంది, ఇల్లిల్లూ తిప్పితే బెదిరిపోతుంది, తిండి మానేస్తుంది. జపాన్‌లోనైనా జంతువుల్ని అద్దెకివ్వాలంటే ప్రభుత్వం దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. సినిమాని సినిమాగా చూడండి.

కాలర్: పెట్టుబడి ఎంత...

యాంకర్: థ్యాంక్యూ. టోక్యో నుంచి ఒక తెలుగు అమ్మాయి.

కాలర్: నమస్తే మేడం. ఇక్కడ నా రూముకి పిల్లుల్ని తేనివ్వరు. అందుకే పిల్లులతో కాసేపు గడిపే కాఫీ హోటల్, క్యాట్ కేఫ్‌కి వెళ్తుంటాను. సినిమా రెండుసార్లు చూశాను. ఒగిగామి తీసినవే ఇంకేం చూడొచ్చు?

మేడం: ‘కమోమే డైనర్’ చూడమ్మా, 2006లో వచ్చింది. హెల్సింకీలో జపాన్ ఆవిడ ఒకతె భోజనం హోటల్ పెడుతుంది, మొదట్లో ఎవరూ రారు. పరాయి ఊళ్లో ఉన్నావు కదా, నీకు బాగా పట్టుకుంటుంది. తిని కూర్చో, ఆకలితో చూడొద్దు. స్పీడు...

కాలర్: పెంచను మేడం!

యాంకర్: థ్యాంక్యూ అమ్మా. తర్వాతి కాలర్... హలో? లైన్ కట్టయింది. చిన్న విరామం.