లెక్కల పుస్తకం అట్ట మీద గోధుమ పొలం

[దృశ్యం: భీమవరం దగ్గర రొయ్యల చెరువు. ఏరేటర్లు తిరుగుతున్నాయి. గట్టు మీద రైతు ఫోనులో వార్తలు చూస్తున్నాడు.]

వ్యాఖ్యాత: ఈ రొయ్య అమెరికా వెళ్తుంది. 2025 ఆగస్టులో ఆ దేశం మన సరుకులు చాలావాటి మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, గట్టు మీదే కూర్చుని దేశదేశాల వ్యాఖ్యానాలు వినగలిగాం. వాటిలో కొన్నింటికి జీతాలిచ్చేది ప్రభుత్వాలు.

డెల్టాకు ఇది కొత్త కాదు.

[దృశ్యం: పాత బడి సంచి, అట్టలు వేసిన పుస్తకాలు.]

‘సోవియట్ భూమి’ గుర్తుందా? మాస్కో మాటను తెలుగులో మోసుకొచ్చిన పత్రిక. దాన్ని చదివినవాళ్ల కంటే ఆ నున్నటి కాగితంతో పుస్తకాలకు అట్టలు వేసుకున్నవాళ్లే ఎక్కువేమో! లెక్కల పుస్తకం మీద గోధుమ పొలం, ట్రాక్టరు, నవ్వుతున్న డ్రైవరు. అందులో అబద్ధమేమీ లేదు. పొలం నిజం, ట్రాక్టరు నిజం. అచ్చువేయని ఫొటోల సంగతే వేరు.

[దృశ్యం: ఉక్రెయిన్ పటం, చెర్నోబిల్ దగ్గర ఎర్ర చుక్క.]

1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున, అప్పటి సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో రియాక్టర్ పేలింది. సోవియట్ టీవీ నోరు మెదపలేదు. 28న స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణు విద్యుత్ కేంద్రంలో ఓ ఉద్యోగి బూట్లకు అంటిన రేడియోధార్మిక ధూళి తనిఖీ యంత్రానికి దొరికింది. అక్కడినుంచి కూపీ లాగితే, ఆ సాయంత్రం మాస్కో నాలుగు ముక్కల ప్రకటన చదివి ఊరుకుంది. మే 1న కీవ్‌లో పిల్లాపెద్దలతో ఊరేగింపు మాత్రం యథావిధిగా జరిగింది.

ప్రభుత్వ మీడియా బలం చెప్పినదానికంటే చెప్పనిదానిలోనే ఎక్కువ.

[దృశ్యం: వార్తా చానళ్ల తెరలు.]

ఇప్పుడు కాగితం పోయి తెర వచ్చింది. రష్యా 2005లో ఆర్‌టీ అనే వార్తా చానల్‌ని మొదలుపెట్టింది. చైనా 2016 చివరలో తన విదేశీ చానళ్లకు సీజీటీఎన్ అని పేరు మార్చింది. అది కమ్యూనిస్టు పార్టీ ప్రచార విభాగం కింద నడుస్తుంది. యూరోపియన్ యూనియన్ 2022 మార్చిలో ఆర్‌టీ ప్రసారాలను నిషేధించింది. నిషేధంతో ప్రచారం ఆగుతుందని నేననుకోను.

మరి బీబీసీ? దాని ప్రపంచ సేవకు కూడా బ్రిటిష్ ప్రభుత్వం కొంత డబ్బిస్తుంది. అయితే ఏ వార్త వేయాలో మంత్రి చెప్పకూడదని చార్టర్‌లో రాసుకున్నారు. కాబట్టి అందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. డబ్బు ఎవరిదో అడిగాక, సొంత ప్రభుత్వాన్ని ఆ చానల్ ఎప్పుడైనా ఇరుకున పెట్టిందా అనీ చూడాలి.

యూట్యూబ్ 2018 నుంచి ఇలాంటి వీడియోల కింద ప్రభుత్వ నిధుల ముచ్చట చిన్న పట్టీలో చూపిస్తోంది. చాలామంది కన్ను అక్కడిదాకా దిగదు.

[దృశ్యం: పాతకాలపు వాల్వు రేడియో.]

మన ఆకాశవాణి విదేశీ ప్రసారాలూ ప్రభుత్వ ప్రచారం కోసమే పుట్టాయి. 1939లో, బ్రిటిష్ పాలనలో, జర్మనీ ప్రచారానికి జవాబుగా పష్తూ భాషలో అవి మొదలయ్యాయి.