తెర వెనక అడవి: కసుబి రాజసమాధులు

అందరికీ నమస్కారం.

ఉగాండా రాజధాని కంపాలాలో కసుబి అనే గుట్ట ఉంది. దాని మీద పెద్ద గుండ్రటి గడ్డిల్లు. లోపలికి చెప్పులు విడిచి వెళ్లి చాపల మీద కూర్చోవాలి. ఎదురుగా బల్లేలు, డాళ్లు, రాజుల పటాలు, వాటి వెనక నారబట్ట తెర. తెర అవతలి చోటును ఇక్కడి బగండా ప్రజలు ‘కిబిర’ అంటారు, అంటే అడవి. అక్కడ చెట్లుండవు, నలుగురు రాజుల సమాధులుంటాయి. రాజును వాళ్లు కబక అంటారు. కబక చనిపోయాడనరు, అడవిలోకి వెళ్లాడంటారు. ఇంటి లోపల అడవి ఎందుకో ఈ ఒక్క మాటే చెబుతుంది.

కబక మొదటి ముటేస 1882లో దీన్ని తన కోటగా కట్టించుకున్నాడు. 1884లో పోతే ఇక్కడే పాతిపెట్టారు. అంతకుముందు ఒక్కో రాజుకు ఒక్కో చోట సమాధి. దవడ ఎముకను తీసి వేరే గుడిలో ఉంచేవారు. ముటేస దేహాన్ని మాత్రం అలా విడదీయలేదు. సీషెల్స్‌లో ప్రవాసంలో పోయిన ఎంవాంగను 1910లో, లండన్‌లో పోయిన రెండో ముటేసను 1971లో ఇక్కడికే తెచ్చారు. 1939లో పోయిన దౌడి చ్వ కూడా ఇక్కడే ఉన్నాడు.

ఆ తెర బట్ట గురించి కాస్త ఆగి చెప్పాలి. అది నేసింది కాదు, కొట్టి చేసింది. ముటుబ అనే మర్రి జాతి చెట్టుకు వానాకాలంలో పైబెరడు గీకేసి, కాండం చుట్టూ పైనా కిందా కోసి, నిలువునా ఒక గాటు పెట్టి లోపలి నారను ఊడదీస్తారు. గాడులు చెక్కిన కొయ్య సుత్తులతో, ముందు లోతు గాడులవాటితో, తర్వాత సన్నగాడులవాటితో, గంటల తరబడి కొడతారు. ఈ పని నీడలోనే చేయాలి, ఎండ తగిలితే నార బిరుసెక్కి చిరుగుతుంది. కొట్టడం అయ్యాక ఎండలో పరిస్తే ఇటుక రంగు వస్తుంది. ఒలిచిన కాండానికి వెంటనే అరటాకులు చుడతారు, లేకపోతే చెట్టు ఎండిపోతుంది. చుడితే మళ్లీ బెరడు కడుతుంది.

కప్పు లోపల 52 వలయాలు, బగండా వంశాలకు గుర్తుగా. గడ్డి కప్పే హక్కు ఎంగెయె వంశానిది. చూరు నుంచి పైకి కప్పుకుంటూ పోవాలి, పై వరస కింది వరసను కప్పితేనే నీరు జారుతుంది. ఎక్కడైనా పలచబడితే నీరు ఇంకి గడ్డి కుళ్లిపోతుంది.

2010 మార్చి 16 రాత్రి ఇల్లు కాలిపోయింది. ఎండుగడ్డి, రెల్లు, నారబట్ట, అన్నీ ఇట్టే అంటుకునేవే. అప్పటికే ఇది ప్రపంచ వారసత్వ స్థలం. అదే ఏడాది యునెస్కో దీన్ని ప్రమాద జాబితాలో చేర్చింది, 2023లో తీసేసింది. తిరిగి కట్టినప్పుడూ కప్పిన చేతులు ఎంగెయె వంశం వాళ్లవే.