స్టేషన్ గేటు బయట

అందరికీ నమస్కారం. రైళ్ల గురించి మాట్లాడమని పిలిచారు. నేను మాత్రం రైలెక్కను, గేటు బయటే ఉంటాను. శివారు రైల్లో రోజూ తిరిగేవాళ్లకు రైలెంతసేపో నిమిషాలతో సహా తెలుసు. ఇంటి నుంచి ప్లాట్‌ఫారం దాకా ఎంతసేపంటే మాత్రం నీళ్లు నములుతారు.

మామూలు నడక నిమిషానికి 80 మీటర్లు. పది నిమిషాల నడక దూరంతో స్టేషన్ చుట్టూ గిరి గీస్తే లోపల పడేది 2 చదరపు కిలోమీటర్లు. అదే పది నిమిషాలు సైకిల్ తొక్కితే రెండున్నర కిలోమీటర్లు పోవచ్చు. అప్పుడు గిరి లోపల దాదాపు 20 చదరపు కిలోమీటర్లు. పదింతలు!

కాగితం మీద గిరి గుండ్రంగానే ఉంటుంది, నేల మీద కాదు. ఒకరి ఇల్లు పట్టాల అవతల అనుకోండి. వంటింటి కిటికీలోంచి ప్లాట్‌ఫారం కనిపిస్తుంది. గేటేమో ఇవతల ఒక్కటే. చుట్టూ తిరిగి రావాల్సిందే. కొత్త రైలు వేసే ముందు అవతల ఓ గేటు తెరవండి అంటాను నేను.

నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ స్టేషన్ దగ్గర 12,500 సైకిళ్లు పట్టే పార్కింగ్ 2019లో పూర్తయింది. బాగుంది, కానీ అది ఇంటివైపు సంగతి. దిగిన ఊళ్లో మన సైకిల్ ఉండదు కదా! అందుకే అక్కడ 2003 నుంచి స్టేషన్‌లోనే అద్దె సైకిళ్లు ఇస్తున్నారు.

ఇక బస్సు. ఉదయం జనం ఎలా వస్తారన్నది రాత్రి తిరుగుదారే తేలుస్తుందని నా నమ్మకం. ఆఖరి బస్సు పదింటికి, రైలు పదింటికే అనుకోండి. రైలు నాలుగు నిమిషాలు లేటు. ఆగమని డ్రైవరుకు చెప్పేవాళ్లు లేరు, ఎందుకంటే రైలుది ఒక ఆఫీసు, బస్సుది ఇంకో ఆఫీసు. ఒకాయన వంతెన మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగుతాడు. చెయ్యి ఊపేసరికి బస్సు మలుపు తిరిగిపోతుంది. టైం ప్రకారం డ్రైవరు చేసింది తప్పు కాదు. చీకట్లో మూడు కిలోమీటర్లు నడిచి ఇల్లు చేరినాయన మర్నాడు పొద్దున బస్టాప్‌కు రాడు. బండి తీస్తాడు. స్టేషన్ దగ్గర దాన్ని పెట్టే చోటు దొరక్కపోతే, అదే బండి మీద నేరుగా ఆఫీసుకే పోతాడు.