మట్టిలో పాతిన బాన

అందరికీ నమస్కారమండి. వైన్ గురించి నన్ను మాట్లాడమన్నారని చెబితే మా ఆవిడ ఒకటే నవ్వు, నాకసలు తాగే అలవాటే లేదు మరి. మా అమ్మాయి జార్జియాలో ఎంబీబీఎస్ చదువుతోంది, అమెరికాలో ఉన్న జార్జియా కాదండోయ్, నల్లసముద్రం పక్కన ఉన్న దేశం. తనని చూడ్డానికి వెళ్ళి కఖేతీ అనే ప్రాంతంలో ఒక తోట చూశాను, సరిగ్గా ద్రాక్ష కోసే టైమ్‌లో. ఆ కోతల్ని వాళ్ళు ర్త్వేలీ అంటారు, మన సంక్రాంతికి దిగినట్టు సిటీల్లో ఉన్న చుట్టాలంతా ఊళ్ళో దిగిపోతారు.

తోట మన పందిరి ద్రాక్షలా ఉండదు. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఏ-షాహీ నెత్తి మీద వేలాడేది కదా, ఇక్కడ మొక్కల్ని వరసగా వైర్లకి కట్టి పెంచుతున్నారు. పళ్ళు చిన్నవి, గింజలుంటాయి, తోలు మందం. తెల్లరకం పేరు ర్కత్సితేలీ, నల్లరకం సపేరవీ. మామూలు నల్లద్రాక్ష కొరికితే లోపల కండ తెల్లగానే ఉంటుంది, సపేరవీకి కండా ఎరుపే, నా చొక్కా మీద ఆ మరక ఇప్పటికీ పోలేదు.

అసలు సంగతి క్వెవ్రీ. కోడిగుడ్డు ఆకారంలో పెద్ద మట్టిబాన, అడుగు కోసుగా ఉంటుంది, మూతి ఒక్కటే నేల మట్టానికి కనిపించేలా మెడ దాకా పాతేస్తారు. కుమ్మరి సారె మీద చెయ్యరు, అంత పెద్దది ఎలా తిరుగుతుంది, మట్టిని తాడులా చేసి చుట్టూ పేర్చుకుంటూ రోజుకి కొంచెం కొంచెం లేపుతారు, కాల్చాక వేడి మీదే లోపల తేనెమైనం పూస్తారు.

దుంగని తొలిచిన తొట్టిలో పళ్ళు కాళ్ళతో తొక్కి రసం, తోలు, గింజలు, తొడిమలతో సహా బానలో పోసేస్తారు. ఈస్ట్ ప్యాకెట్ ఏమీ వెయ్యరు, మన తాటికల్లు లొట్టిలో దానంతటదే పొంగదూ, అలాగే. పొంగినప్పుడు తోలంతా పైకి తేలుతుంది, దాన్ని రోజుకి నాలుగైదుసార్లు కర్రతో కిందకి తొయ్యాలి, రాత్రి కూడా లేచి తోస్తారు. వేడి ఎక్కువైతే రుచి చెడుతుంది గానీ చుట్టూ మట్టే కాబట్టి అదే చల్లబరుస్తుంది. పొంగు తగ్గాక రాతిమూత పెట్టి తడిమట్టితో మెత్తి ఐదారు నెలలు వదిలేస్తారు. గింజలు కోసు అడుక్కి చేరి వాటి మీద మడ్డి పేరుకుంటుంది, అందుకే చేదు అంతగా దిగదు. వసంతంలో తీస్తే తెల్లద్రాక్ష వైన్ కూడా టీ డికాక్షన్ రంగులో ఉంటుంది! మిగిలిన పిప్పిని పారెయ్యరు, బట్టీ పెట్టి చాచా అనే సారా దించుతారు.

ఈ పద్ధతిని యునెస్కో 2013లో గుర్తించింది. అక్కడి పాత కుండపెంకుల్లో దొరికిన ద్రాక్ష ఆనవాళ్ళు దాదాపు 8000 ఏళ్ళ నాటివని 2017లో తేల్చారు. సోవియట్ కాలంలో ఫ్యాక్టరీలొచ్చి వెనకబడినా ఇళ్ళల్లో మాత్రం పోలేదు.

నాకు బాగా నచ్చింది మాత్రం కడగడం. తోటాయన మాటల్లో వైన్ చెయ్యడం కన్నా అదే పెద్ద పని. చెర్రీచెట్టు బెరడు పొరల్ని కర్రకి కట్టి లోపలంతా రుద్ది, పోసిన నీళ్ళు తేటగా వచ్చేదాకా తోడుతూనే ఉంటారు. పెద్దవాటిలోకైతే మనిషే దిగాలి. ఒక్కటేనండి భయం, అడుగున గ్యాస్ నిలిచిపోతుంది. మన ఊళ్ళో ధాన్యం పాతర తెరిచి ముందు లాంతరు దించేవాళ్ళు, ఆరిపోతే ఎవర్నీ దిగనిచ్చేవాళ్ళు కాదు మా తాత. ఆ మాట మా అమ్మాయి చేత చెప్పిస్తే తోటాయన గట్టిగా నవ్వి, నా చేతికి బ్రష్ ఇచ్చాడు, దిగమని.